బాటిల్ నీళ్ల వల్లే కడుపు పోయిందా?

అనంతపురం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, కాలనీ పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం చెబుతాను.

ఆమెకు 28 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు. యూకేజీ చదివే పాప ఉంది. పోయిన ఏడాది రెండోసారి నెల తప్పి, మూడో నెల నిండకుండానే గర్భం పోయింది. స్కూలుకు రోజూ పాత కూల్‌డ్రింక్ బాటిల్లో నీళ్లు పట్టుకెళ్లే అలవాటు ఆమెది. అది స్కూటీ డిక్కీలో ఉండేది. ఈ మధ్య వాళ్ల చిన్నత్త ఫోన్‌లో ఏదో వీడియో చూసి, బంధువుల ఇంట్లో నలుగురి ముందు, "ఎండలో కాగిన ఆ బాటిల్ నీళ్లు తాగి తాగే కడుపు పోగొట్టుకునింది" అన్నారట. ఆ సాయంత్రమే అత్తగారు ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా మూటగట్టి పాత సామాన్ల బండికి వేసేశారు. రోజూ వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్ మాన్పించారు. ఇప్పుడు ఇంటి బోరు నీళ్లే ఇత్తడి బిందెలో, మట్టికుండలో పోసి అందరూ తాగుతున్నారు. "మా అమ్మ ఈ నీళ్లే తాగి ఏడుగుర్ని కనింది" అన్నది అత్తగారి మాట. భర్త ఎటూ చెప్పరు. "అమ్మ చెప్పినట్టు చేస్తే పోయేదేముంది" అంటారు. మళ్లీ ప్రయత్నించవచ్చని డాక్టరమ్మ చెప్పినా ఈమెకు ధైర్యం చాలడం లేదు.

"రోజుకు రెండు బాటిళ్లు తాగేదాన్ని. వెచ్చగా అయిపోయిన నీళ్లు కూడా తాగాను. నా చేతులారా నేనే చేసుకున్నానా? రాత్రిళ్లు ఇదే టెన్షన్, నిద్ర పట్టదు. క్యాన్ నీళ్లు మంచివా, బోరు నీళ్లు మంచివా? పాపకు ఏ బాటిల్ కొనాలి?" అని అడిగారు. ఉత్తరంలో ఇంకో రెండు మాటలు ఉన్నాయి, ఆమె పెద్దగా పట్టించుకోకుండా రాసినవి. ఒకటి, ఇంటర్వెల్లో స్కూలు ముందు బంకు నుంచి టీ కవర్లో తెప్పించుకుంటారని. రెండోది, అత్తగారిది కదిరి వైపు పల్లె అనీ, ఆమెకూ ఆమె తమ్ముళ్లకూ చిన్నప్పటి నుంచీ పళ్ల మీద గోధుమరంగు చారలు ఉన్నాయనీ.

అమ్మా, మీ నిద్ర పాడుచేస్తున్న ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. లేదు, మీ చేతులారా మీరేమీ చేసుకోలేదు.

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం, ఇంకా చెప్పాలంటే సగానికి పైనే, పిండంలో క్రోమోజోముల సంఖ్య సరిగ్గా కుదరక పోతాయి. అది అండం, వీర్యకణం కలిసే దగ్గర జరిగిపోయే సంగతి. అప్పటికి మీకు నెల తప్పిన విషయం కూడా తెలిసి ఉండదు. గర్భం అని తేలిన వాటిలో నూటికి 10 నుంచి 20 వరకు ఇలా నిలవకుండా పోతాయి. మీ స్టాఫ్‌రూమ్‌లో కూర్చునే టీచర్లలోనే ఒకరిద్దరికి ఇది జరిగి ఉండొచ్చు, బయటికి చెప్పుకుని ఉండరు. మిగతా కారణాల్లో థైరాయిడ్, అదుపులో లేని షుగరు, గర్భసంచి ఆకారంలో తేడా వంటివి ఉంటాయి. ఈ పరీక్షలు మీకు చేశారో లేదో ఉత్తరంలో రాయలేదు. చేయకపోతే మళ్లీ ప్రయత్నించే ముందు అడిగి చేయించుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు నెల తప్పాక కాదు, ప్రయత్నం మొదలుపెట్టే ముందు నుంచే వేసుకోవాలి. దాని గురించి కూడా డాక్టరమ్మను అడగండి. ఈ రెండు పనులూ ఇంట్లోంచి ప్లాస్టిక్ మూటను పంపించేయడం కంటే మీకు ఎన్నో రెట్లు మేలు చేస్తాయి.

ఇక ఆ వీడియో సంగతి. అందులో ఉన్నదంతా అబద్ధమని కొట్టిపారేయను. ప్లాస్టిక్‌లో హార్మోన్లలా పనిచేసే పదార్థం ఒకటి ఉన్న మాట నిజం. దాన్ని బీపీఏ అంటారు. పాలికార్బొనేట్ అనే గట్టి, గాజులా మెరిసే ప్లాస్టిక్ తయారీలో అది వాడతారు. పాలసీసాల్లో దాన్ని చాలా దేశాలు ఎప్పుడో నిషేధించాయి. 2023లో ఐరోపా ఆహార భద్రత సంస్థ, మనిషి ఒంట్లోకి రోజూ ఎంత బీపీఏ వెళ్తే పర్వాలేదన్న హద్దును అంతకుముందు కంటే 20 వేల రెట్లు తగ్గించింది. 2024 చివర్లో ఐరోపా యూనియన్ ఆహారానికి తగిలే వస్తువుల్లో దాన్ని నిషేధిస్తూ నిర్ణయం తీసుకుంది. కాబట్టి భయపడేవాళ్లంతా తెలివితక్కువవాళ్లేం కాదు.

కానీ మీరు తాగిన బాటిల్ అది కాదు. కూల్‌డ్రింక్, వాటర్ బాటిళ్లను పెట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. బాటిల్ తిప్పి అడుగున చూస్తే మూడు బాణాల త్రికోణంలో 1 అంకె ఉంటుంది. పెట్ తయారీలో బీపీఏ వాడరు. అందులోంచి నీళ్లలోకి దిగేది ప్రధానంగా యాంటిమొని అనే లోహం, అదీ చాలా కొద్దిగా. వేడి ఎక్కువైతే ఎక్కువ దిగుతుంది. అమెరికాలో అరిజోనా మన సీమలాగే ఎండలు కాసే చోటు. వేడికి బాటిల్‌లోంచి నీళ్లలోకి ఎంత యాంటిమొని దిగుతుందో అక్కడి పరిశోధకులు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. బాటిల్ నీళ్లను ఆపకుండా 60 డిగ్రీల వేడిలో ఉంచితే అమెరికా పెట్టుకున్న హద్దు దాటడానికి 176 రోజులు పట్టింది. 80 డిగ్రీల్లో అయితే రెండు రోజుల చిల్లర. డబ్ల్యూహెచ్‌వో పెట్టిన హద్దు అమెరికా హద్దు కంటే మూడు రెట్లు పైన ఉంటుంది. మీ బాటిల్ పొద్దున డిక్కీలోకి వెళ్లి సాయంత్రానికి ఖాళీ అయ్యేది. మే నెల ఎండలో డిక్కీ ఎంత కాగినా, ఆ కొన్ని గంటల్లో దిగిన యాంటిమొని మీ గర్భాన్ని తీసిందనడానికి ఏ ఆధారమూ లేదు. మీ చిన్నత్త ఆ మాట ఎంత నమ్మకంగా చెప్పినా సరే.

అంతమాత్రాన అదే బాటిల్ మళ్లీ వాడమని కాదు. నెలల తరబడి వాడే పాత కూల్‌డ్రింక్ బాటిల్‌తో అసలు చిక్కు క్రిములది. మూతి సన్నగా ఉంటుంది, బ్రష్ లోపలికి పోదు. వేలు పెట్టి మూతి లోపలి గాడిని రుద్దితే జిగురుగా తగులుతుంది కదా, అది క్రిముల పొర. నోరు పెట్టి తాగడం, సగం నీళ్లు వదిలేసి మర్నాడు మళ్లీ దాంట్లోనే పట్టుకోవడం వల్ల అది పెరుగుతుంది. లోపల గీతలు పడి, మసకబారి, వాసన వస్తున్న బాటిల్‌కు రోజులు చెల్లినట్టే.

ప్లాస్టిక్ విషయంలో నేను గట్టిగా చెప్పేది వేడి గురించే. అందుకే మీ టీ కవర్ దగ్గర ఆగాను. పొయ్యి మీద నుంచి దించిన టీని పల్చటి కవర్లో పోసి, ముడి వేసి, స్టాఫ్‌రూమ్‌కు తెచ్చేలోగా కవర్ మెత్తబడి ఉంటుంది. దాన్ని మళ్లీ పేపర్ కప్పుల్లో పోస్తారు. పేపర్ కప్పు లోపల కూడా ప్లాస్టిక్ పొరే. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో చేసిన పరీక్షలో, అలాంటి కప్పులో వేడి నీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచితే 100 మిల్లీలీటర్లలో 25 వేల ప్లాస్టిక్ రేణువులు తేలాయి. అదే ఏడాది ఐర్లండ్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు, పాలసీసాల్లో 70 డిగ్రీల నీళ్లు పోస్తే లీటరుకు కోటీ 60 లక్షల దాకా రేణువులు రాలుతున్నాయని చూశారు. ఆ సీసాలు మంచి రకం అనిపించుకునే పాలీప్రొపిలీన్‌వి. ఈ రేణువుల వల్ల మనిషికి హాని జరుగుతోందని తేల్చి చెప్పడానికి తగిన ఆధారాలు లేవని, పరిశోధన పెరగాలని డబ్ల్యూహెచ్‌వో 2019లో చెప్పింది. ఆ తేల్చడం ఎప్పుడు అయినా కానీ, ఒక స్టీలు ఫ్లాస్కు బంకు దగ్గరికి పంపించడానికి మనకు ఏ ఇబ్బందీ లేదు. నలుగురు టీచర్లు కలిసి ఒకటి కొనుక్కోండి. బాటిల్ నీళ్ల గురించి పడ్డ భయంలో పదో వంతు ఆ టీ కవర్ మీద పెట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టిన విషయానికి వస్తాను. బోరు నీళ్లు.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉండటం ఎప్పటి నుంచో ఉన్న బాధ. ఇక్కడి రాళ్లలోనే ఆ ఖనిజాలు ఉన్నాయి. బోరు లోతుకు పోయేకొద్దీ, వానలు తగ్గేకొద్దీ చాలాచోట్ల అది పెరుగుతుంది. 1990ల్లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ఈ జిల్లాలో 700కు పైగా పల్లెలకు తాగునీటి పథకం కట్టింది కూడా ఈ కష్టం చూసే. మీ అత్తగారి పళ్ల మీద చారలు మీరు మామూలు విషయంగా రాశారు. చిన్నప్పుడు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల పళ్ల మీద అలాగే పడతాయి. ఇంకా ఎక్కువ ఏళ్లు, ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలు, కీళ్లు పట్టేస్తాయి. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చు. అంతకు మించితే తాగకూడదు.

దీంట్లో అందరికంటే ముందు ఆలోచించాల్సింది మీ పాప గురించి. శాశ్వత పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్లు వచ్చే వరకు. ఈ లోపల తాగిన ఫ్లోరైడే పళ్ల మీద చారలుగా తేలుతుంది, తర్వాత తాగిన దానితో కొత్తగా పడవు. యూకేజీ పాప సరిగ్గా ఆ వయసులో ఉంది. ఫ్లోరైడ్ కంటికి కనపడదు, వాసన రాదు, నాలుకకు తెలియదు. కాచితే పోదు. నీళ్లు ఆవిరైపోయి ఇంకాస్త చిక్కబడుతుంది. మట్టికుండ, ఇత్తడి బిందె, క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు, ఇవేవీ దాన్ని తీయలేవు. మీ ఇంటి బోరులో ఎక్కువ ఉందని నేను చెప్పడం లేదు. పక్కపక్క వీధుల్లో బోర్లకే తేడా ఉంటుంది. పరీక్ష చేయించకుండా పాపకు తాగించవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారికి జిల్లా కేంద్రంలో నీటి పరీక్ష ల్యాబ్ ఉంటుంది. శుభ్రమైన బాటిల్‌ను అదే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, నిండా పట్టి ఇవ్వండి. ఫ్లోరైడ్‌తో పాటు నైట్రేటు, ఉప్పు శాతం కూడా చూడమనండి.

ఫలితం వచ్చేదాకా, వచ్చాక, మీ ముందు కొన్ని దారులున్నాయి. బోరులో ఫ్లోరైడ్ 1 లోపు ఉండి, మిగతావీ బాగుంటే అత్తగారి మాట నెగ్గినట్టే. క్రిముల కోసం కాచి చల్లార్చి కుండలో పోసుకోండి, ఖర్చు లేదు. కాకపోతే ఎండాకాలం నడిమధ్యలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి మళ్లీ పరీక్ష చేయించాలి. నీళ్లు ఏడాదంతా ఒకేలా ఉండవు.

మున్సిపల్ కుళాయి ఉంటే నాకు అన్నిటికంటే నచ్చే దారి అదే. నగరానికి వచ్చేది పెన్నా అహోబిలం రిజర్వాయరు నీళ్లు. అంటే తుంగభద్ర కాలువ నీళ్లు, కాబట్టి సాధారణంగా ఫ్లోరైడ్ బెడద ఉండదు. కుళాయి వచ్చినప్పుడు పట్టుకుని, కాచి, చల్లార్చి వాడుకోవాలి. గ్యాస్ ఖర్చవుతుంది, మీకు పొద్దున్నే పని పెరుగుతుంది. ఆ పని ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి, లేకపోతే అది మీ నెత్తినే పడుతుంది.

బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండి, కుళాయి నీళ్లు చాలకపోతే ఇంట్లో ఆర్‌వో పెట్టుకోవచ్చు. అది ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది. కొనడం ఒక ఖర్చు, ఏటా లోపలి ఫిల్టర్లు మార్చడం ఇంకో ఖర్చు. పైగా శుద్ధి అయ్యే నీళ్ల కంటే బయటికి పోయేవే ఎక్కువ. నీళ్ల కోసం ఎదురుచూసే మన ఊళ్లో ఆ నీళ్లను కాలువలోకి వదలడం నా మనసుకు ఒప్పదు. పైపును బకెట్లో పెట్టి, ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కు వాడుకోండి.

మళ్లీ క్యాన్ తెప్పించుకోవడంలో కూడా తప్పు లేదు, కాకపోతే కళ్లు మూసుకుని కాదు. క్యాన్ అడుగున చూడండి. 1 ఉంటే పెట్. 7 ఉండి గట్టిగా గాజులా ఉంటే పాలికార్బొనేట్ అయ్యే అవకాశం ఎక్కువ. బీపీఏ మాట వచ్చేది దీంట్లోనే, అదీ బాగా పాతబడి, గీతలు పడి, ఘాటైన సబ్బుతో వేడిగా కడిగినప్పుడు ఎక్కువ. మీరు పిల్లల కోసం ప్రయత్నించబోతున్నారు కాబట్టి, పెట్ క్యాన్లే వేయమని అడగడం సబబు. సీలు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు ఉందేమో చూడండి. ఏ పేరూ లేని క్యాన్ అయితే మీ ఆయన్ను ఒకసారి ఆ ప్లాంటుకు వెళ్లి క్యాన్లు ఎలా కడుగుతున్నారో, నింపినవి ఎండలో నిలబెడుతున్నారో లేదో చూసి రమ్మనండి. క్యాన్ ఇంటికి రాగానే నీళ్లు కుండలోకి మార్చేసుకోండి.

చూశారా, ఏ దారి పట్టినా అత్తగారి కుండ అక్కడే ఉంటుంది. కుండ చాలా మంచిది, చల్లగా ఉంచుతుంది, ఏ ప్లాస్టికూ దిగదు. రోజూ కడిగి, మూత పెట్టి, చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటెతో తీసుకుంటే చాలు. తేల్చుకోవాల్సింది అందులో ఏ నీళ్లు పోయాలన్నదే. ఇంట్లో ఈ మాట ఇలాగే ఎత్తితే, మీరు ఆమె మీద గెలిచారన్న భావం ఎవరికీ రాదు. ఇత్తడి బిందెకు లోపల కళాయి ఉందో లేదో చూసుకోండి. దాంట్లో మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు మాత్రం పోయకండి.

అత్తగారి గురించి ఇంకో మాట. ఆమె కూడా ఒక మనవడినో మనవరాలినో పోగొట్టుకున్నారు. ఎవరి మీద కోపం చూపాలో తెలియని దుఃఖానికి బాటిల్ దొరికింది. దాన్ని బండికి వేసేస్తే బిడ్డను కాపాడుకుంటున్నామన్న ధైర్యం వచ్చింది. నాకు ఆమెలో మీ మీద ద్వేషం కనపడలేదు. వీలైతే, వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు, "అత్తా, మీకెప్పుడైనా ఇట్లా పోయిందా?" అని అడిగి చూడండి. ఏడుగురు పిల్లలున్న ఆ ఇళ్లలో కూడా నిలవని కడుపులు ఉండేవి, ఎవరూ నోరెత్తేవారు కాదు. ఆమె ఏదైనా చెబితే మీ ఇద్దరి మధ్యా మాట మారిపోతుంది. చెప్పకపోయినా నష్టం లేదు. మీకు అడగడం కష్టమైతే, ఈసారి డాక్టరమ్మ దగ్గరికి ఆమెను కూడా తీసుకెళ్లండి. గర్భం ఎందుకు పోతుందో డాక్టరు నోటి నుంచి వింటే వేరుగా ఉంటుంది. కాకపోతే వెళ్లే ముందు, ఆమె ఎదుట ఏం మాట్లాడాలో ఏం వద్దో డాక్టరమ్మకు చెప్పి ఉంచుకోండి. మీకు ఇష్టం లేని విషయాలు అక్కడ బయటపడకూడదు.

చిన్నత్తది వేరు. నలుగురిలో అన్న మాట అది, దానికి జవాబు చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. ఆయన మౌనం మీ ఇంట్లో గొడవ రాకుండా ఆపుతోందని ఆయన అనుకుంటున్నారు. ఆ మౌనాన్ని చిన్నత్త ఒప్పుకోలుగా తీసుకుంటారని ఆయనకు తట్టలేదు. "పిన్నీ, కడుపు పోయింది బాటిల్ నీళ్ల వల్ల కాదు. ఆ మాట ఇంకెక్కడా అనొద్దు" అని ఒక్కసారి ఫోన్ చేసి చెబితే సరిపోతుంది. ఆయన చెప్పనంటే మీరే చెప్పొచ్చు. కానీ అప్పుడు మాట పెరిగి, అత్తగారు చెల్లెలి వైపు నిలబడే అవకాశం ఉంది, దానికి సిద్ధపడి చెప్పండి. ఆమెకు ఎదురు వీడియోలు పంపడం మాత్రం వద్దు. అది తెగే వాదన కాదు. ఏమీ అనకుండా ఊరుకోవడమూ ఒక దారే, కానీ మళ్లీ నెల తప్పినప్పుడు మీరు తాగే ప్రతి గ్లాసు మీదా వాళ్ల చూపు ఉంటుంది. ఆ ఒత్తిడిని మీరు మోయగలరా అన్నది మీ మనసును అడిగి చూసుకోండి. రాత్రి నిద్ర ఇలాగే పట్టకపోతే డాక్టరమ్మతో ఆ సంగతి కూడా చెప్పండి. బిడ్డ పోయిన తర్వాత తల్లికి వచ్చే దిగులుకు వైద్యం ఉంది.

పాపకు స్టీలు బాటిల్ కొనండి, ఒక పొరది. రెండు పొరలది చల్లగా ఉంచుతుంది కానీ యూకేజీ పిల్ల మొయ్యలేనంత బరువు. మూతి వెడల్పుగా, మీ చెయ్యి కాకపోయినా బ్రష్ అయినా పట్టేలా ఉండాలి. స్ట్రా ఉన్న బొమ్మల బాటిల్ కావాలని ఏడిస్తే, 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్‌ది తీసుకోండి, చల్లటి నీళ్లకు పర్వాలేదు. పాలు, రాగిజావ వేడివేడిగా దాంట్లో పోయకండి. మూతలో రబ్బరు రింగు ఉంటుంది, వారానికి రెండుసార్లు దాన్ని ఊడదీసి కడిగి ఆరబెట్టండి. నల్లగా బూజు పట్టేది దాని కిందే.